మొదటి కోత నాదే

మోటారు రంపానికి పదును పెట్టడానికి నాకు బల్ల అక్కర్లేదు. చెట్లు కొట్టే చోట ఏదో ఒక మొద్దు పడే ఉంటుంది. దాని నెత్తిన నాలుగు వేళ్ల లోతు గాటు పెట్టి, రంపంలో గొలుసు తిరిగే పట్టీని అందులోకి దింపి, పక్కన చిన్న చెక్క బిగిస్తే ఇక అది కదలదు. గోనెసంచి మడత పెట్టుకుని దాని ముందు కూర్చుంటాను. ఎండ రంపం పన్ను మీద పడాలి, నా కళ్లలో పడకూడదు. అందుకని పొద్దు తిరిగినకొద్దీ మొద్దు చుట్టూ నేనూ తిరుగుతాను. సాయంత్రానికి నేను కూర్చున్న గుర్తులు మొద్దు చుట్టూ గుండ్రంగా పడి ఉంటాయని మా ఆయన వెక్కిరిస్తాడు.

మాది ముగ్గురి జట్టు. మా ఆయన చెట్టెక్కి కోస్తాడు. ఎప్పుడో బిహార్ నుంచి వచ్చి పటాన్‌చెరులోనే ఉండిపోయిన ఒక పెద్దమనిషి కింద తాళ్లు పడతాడు. ఆయన్ని ఇద్దరం భయ్యా అంటాం. పనిముట్లన్నీ నా జిమ్మా. మానులు కోయడానికి పెద్ద మోటారు రంపం, చెట్టు మీదికి పంపడానికి చిన్నది, మూడు గొడ్డళ్లు, రెండు వేటకత్తులు, ఇద్దరు రెండు వైపులా పట్టి లాగే పాత రంపం ఒకటి. ఫ్యాక్టరీ గోడ మీదికి ఒరిగిన చెట్టు కావచ్చు, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో కారు మీద పడబోతున్న కొమ్మ కావచ్చు, గాలివానకు భానూర్ రోడ్డు మీద అడ్డం పడ్డ తుమ్మ కావచ్చు, పిలిచిన చోటికి పోతాం. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా నా అంత పదును పెట్టేవాళ్లు లేరని నేను అనను. ఎవరైనా అంటే మాత్రం కాదనను.

ఈ పని నాకు పుట్టుకతో రాలేదు. ఇంటర్ అయ్యాక మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరాను. రోజంతా నిలబడి డబ్బాలకు మూతలు పెట్టడమే. అక్కడి సూపర్‌వైజర్ ఒక మాటంటే నేను రెండు మాటలన్నాను. దాంతో అక్కడ నాకు నూకలు చెల్లాయి. తర్వాత కట్టెల అడితిలో రంపపు పొట్టు ఎత్తే పని దొరికింది. అడితి గేటు పక్కన టార్పాలిన్ కింద ఒక ముసలాయన కూర్చుని రంపాలకు పదును పెట్టేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు.

పొట్టు ఎత్తీ ఎత్తీ నాకొక సంగతి తెలిసిపోయింది. పదునున్న రంపం కింద పొట్టు పెచ్చులు పెచ్చులుగా పడుతుంది. మొద్దుబారిన దాని కింద పిండి పడుతుంది. ఒకరోజు గంపతో పోతూ పోతూ, "ఉస్తాద్, గా మూల రంపం సచ్చింది. పిండి పోస్తున్నది" అన్నాను. ఆయన లేచి వెళ్లి చూశాడు. వచ్చి నా గంప పక్కకు జరిపి, "నీకు పొట్టు సదువనీకె వస్తది బేటీ. కూసో" అన్నాడు. నా చేతిలో గుండ్రటి ఆకురాయి పెట్టింది ఆరోజే.

లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పన్నును తాకకూడదు. ఒక పన్నుకు మూడు తోపులైతే గొలుసులో ఉన్న అన్ని పళ్లకూ మూడే, మెరుస్తోంది కదా అని ఒకదానికి తగ్గించడం, నచ్చలేదని ఇంకోదానికి పెంచడం ఉండదు. నాకు ఎడమ వైపు పళ్ల దగ్గర చెయ్యి తేలిపోతుంది కాబట్టి ఆ వైపు మాత్రం నాలుగు. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న అసలైనవి రెండే.

మొదటిది లగాం. గొలుసులో ప్రతి పన్ను ముందూ ఒక చిన్న మెట్టు ఉంటుంది. పన్ను కట్టెను ఎంత లోతుకు కొరకాలో ఆ మెట్టే ఆపుతుంది. దాన్నే ఆయన లగాం, అంటే కళ్లెం, అనేవాడు. "పన్ను గుర్రం బేటీ. లగాం గీకినవనుకో, గుర్రం ఉరుకుతది. మెత్తటి పచ్చికట్టె మీద ఉరికితే మంచిదే, జల్దీ పని అయితది. ఎండుకట్టె మీద ఉరికితే మనిషిని పడేస్తది."

రెండోది ఆయన పద్ధతి. పదును పెట్టినవాళ్లే మొదటి కోత కోయాలి. "కరిస్తే ముందు నిన్ను కరవాలె, తర్వాతనే పక్కోణ్ని" అనేవాడు. ఆ కోత కోశాక రంపం ఎట్లా ఉందో నోటితో చెప్పి మరీ అవతలి మనిషికి ఇవ్వాలి. సైగ చేయడం, అక్కడ పెట్టి పోవడం పనికిరాదు. "సప్పుడు చెయ్యకుండ పదును ఇచ్చుడు హరామ్" అని, ఆ మాట అన్నప్పుడల్లా రెండు చెవులూ పట్టుకునేవాడు.

పెళ్లయ్యాక మా ఆయనతో చెట్ల పనికి వచ్చినప్పుడు ఈ రెండూ వెంట తెచ్చుకున్నాను. చిన్న రంపానికి రెండు గొలుసులు పెట్టాను. పచ్చికట్టెకు లగాం గీకిన గొలుసు ఒకటి, ఎండుకట్టెకు లగాం ముట్టని గొలుసు ఒకటి. గుర్తు కోసం పచ్చి గొలుసుకు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టేదాన్ని. ఆ సీసా నా గోళ్లకు ఏ రోజూ ఎక్కలేదు. మా ఆయన పైన కొమ్మ మీద కుదురుకున్నాక నేను కింద మొదటి కోత కోసి, రంపాన్ని తాడుకు కట్టి, తల పైకెత్తి కేకేస్తాను. ఏ గొలుసో, ఏ దిక్కుకు గుంజుతుందో, బిగువు ఎంతుందో చెబుతాను. పైనుంచి "ఆఁ" అని వినబడితేనే తాడు వదులుతాను. ఎన్నో ఏళ్లుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న సంసారంలో అంత నిక్కచ్చిగా జరిగే సంభాషణ ఇంకోటి లేదు.

ఇక తెల్లాపూర్ సంగతి. ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో గుల్‌మొహర్ చెట్లు పలచన చేసే పనికి పిలిచారు. మెత్తటి కట్టె, పచ్చి గొలుసు వెన్నలో దిగినట్టు దిగింది. మధ్యాహ్నం నేను టిఫిన్ గిన్నెలు విప్పుతున్నాను. అక్కడి మేనేజర్ వచ్చి కోసిన కొమ్మ మొదలు మీద చెయ్యి రాసి చూశాడు.

"ఎంత నీట్‌గా కోశావయ్యా! ఇది వరకు వచ్చినవాళ్లు చీల్చేసి పోయారు. బ్లేడు ఎవరు షార్ప్ చేస్తారు?"

"నేనే సార్" అన్నాడు మా ఆయన.

మేనేజర్ నా వైపు చూశాడు. "మరి ఆవిడ?"

"మా ఇంటామె సార్. అన్నం తెస్తది."

నా పైట చెంగులో ఆకురాయి ఉంది. వేళ్లకు నూనె మరక ఇంకా ఉంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఎవరో. మేనేజర్ నవ్వలేదు కానీ నా ముందున్న పప్పు గిన్నెను చూసి తల ఊపి పోయాడు. అది చాలు నాకు. ఆ గిన్నె మూత పెట్టేశాను. ఆ పూట ఇద్దరికీ అన్నం లేదు. పాపం భయ్యా కూడా పస్తున్నాడు.

నాలుగు రోజులు మాట్లాడలేదు. నాకు కోపం వస్తే అరవను, నోరు మూసేస్తాను. అరిచినా బాగుండేదని మా ఆయన అంటాడు. ఆయనా తక్కువవాడు కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మధ్యలో నలిగింది భయ్యానే. "భయ్యా, అన్నం పెట్టిన అని చెప్పు" అంటే, రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషి వైపు తిరిగి, "ఖానా లగా దియా బోల్ రహీ" అని ఆయన చెప్పాలి. "ఆకలి లేదని చెప్పు" అని అటు నుంచి వస్తే మళ్లీ నాకు చెప్పాలి. మూడో రోజుకు భయ్యా మా ఇద్దరికీ చేతులెత్తి దండం పెట్టాడు. మూడు రోజులూ నేల మీది పనే, పడిన కోనోకార్పస్ మానులను ముక్కలు చేయడం. పెద్ద రంపానికి పదును పెట్టి మొద్దు మీద పెట్టేదాన్ని, మా ఆయన తీసుకునేవాడు. మాట లేకుండానే పని నడిచిపోతుంటే, ఉస్తాద్ పద్ధతి లేకపోయినా ఏమీ కాదేమో అనిపించింది కూడా.

నాలుగో రోజు పటాన్‌చెరు పక్కన ఒక ఫ్యాక్టరీకి పోయాం. క్యాంటీన్ రేకుల మీదికి వంగిన ఎండు వేప. వేప పచ్చిగా ఉన్నప్పుడే గట్టిది. నిలువునా ఎండిన వేప సంగతి చెప్పక్కర్లేదు. ఎండు చెట్టుకు పోతున్నామంటే ముందు గొలుసు మార్చాలి. అది నా పని, ఇంకెవరిదీ కాదు. చిన్న రంపానికి తెల్లాపూర్‌లో ఎక్కించిన పచ్చి గొలుసే ఉంది. నూనెకు దాని మీది ఎర్ర చుక్క చెరిగిపోయింది. అయినా పదును పెట్టేవాళ్లకు చుక్కతో పనేంటి? ఒక్క చూపు చూస్తే లగాం గీకి ఉందో లేదో తెలుస్తుంది. నేను ఆ చూపు చూడలేదు. పన్నును చూశాను, పన్ను ముందరి మెట్టును చూడలేదు. చేతిలో ఆకురాయి ఆడుతోంది, చెవిలో "అన్నం తెస్తది" అన్న మాట ఆడుతోంది. కోపంలో చెయ్యి గట్టిగా నిలబడుతుంది. ఆ ఏడాది మొత్తంలో అంత మంచి పదును పెట్టి ఉండను.

మొదటి కోత కోయాలంటే రంపం స్టార్టు చేయాలి, కోశాక పైకి చూసి మాట్లాడాలి. నేను మాట్లాడదలచుకోలేదు. రంపాన్ని తాడుకు కట్టి, తాడు రెండుసార్లు కదిపి, వెనక్కి తిరిగి వచ్చి నా గోనెసంచి మీద కూర్చున్నాను. పైనుంచి "ఆఁ" రాలేదు. ఆయన మాట లేకుండానే రంపం పైకి లాక్కున్నాడు. తప్పు సగం ఆయనది అనొచ్చు. నేను అనను.

మొదటి రెండు చిన్న కొమ్మలు పడ్డాయి. మూడోది తొడంత లావు కొమ్మ. దాన్ని కోస్తుంటే మోటారు చప్పుడు మారింది. ఒకసారి గుర్రుమని, ఒకసారి ఆగినట్టయి, మళ్లీ గుర్రుమంది. గొలుసు కట్టెను కోయడం లేదు, పీకుతోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. లేచి నిలబడ్డాను. "ఆపు" అని అరవాలి. నాలుగు రోజులుగా మూసిన నోరు ఒక్క క్షణం ఆలస్యంగా తెరుచుకుంది. రంపం కొన వెనకున్న ఇంకో కొమ్మకు ఆనింది. ఎగిరి ఆయన మీదికే వచ్చింది.

అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఏం చూశానో వరసగా చెప్పలేను. హెల్మెట్ ముందరి జాలీ పగిలి కింద పడటం చూశాను. రంపం ఆయన నడుము కొక్కేనికి వేలాడుతూ తిరగడం చూశాను. భయ్యా మా ఆయన్ని ఆపుతున్న పెద్ద తాడును నడుముకు చుట్టుకుని నేల మీద కూర్చుండిపోవడం చూశాను. మా ఆయన ఆ తాడు మీదే మెల్లగా దిగి వచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది, కింద తోలు గీరుకుంది, అంతే. కానీ నడుముకూ కొమ్మకూ కలిపి కట్టుకునే పొట్టి తాడు చూశాను. మూడు పేటల తాడు అది. రెండు పేటలు తెగాయి. ఒక్క పేట మిగిలింది.

అక్కడి సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. క్యాంటీన్ నుంచి పదిమంది వచ్చి నిలబడ్డారు.

"ఎవడు పెట్టిండు గా బ్లేడు? మీకు అసలు పని వస్తదా? నా గేటు లోపట మనిషి సస్తే ఎవడు జవాబు చెప్పాలె?"

మా ఆయన హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే సార్. నేనే పెట్టిన" అన్నాడు.

అదే మాట. తెల్లాపూర్‌లో అన్న ఆ "నేనే". నాలుగు రోజులు నా చెవిలో మండిన మాట. అప్పుడు నా పేరు తీసేసుకోవడానికి అన్నాడు, ఇప్పుడు నా తప్పు తీసుకోవడానికి అంటున్నాడు. నా వైపు చూడటం లేదు. నేను ఊరుకుంటే సరిపోతుంది. అన్నం తెచ్చే ఆమెను ఎవరూ ఏమీ అడగరు. కానీ తప్పు ఆయనదని ఒప్పుకుంటే పదును కూడా ఆయనదే అయిపోతుంది, తెల్లాపూర్‌లో అన్నది నిజమైపోతుంది. అంతకంటే ముందు, చావు అంచు నుంచి దిగి వచ్చిన మనిషిని పదిమందిలో నా బదులు తిట్లు తినమని నిలబెట్టడానికి నాకు మనసు రాలేదు.

"కాదు సార్, పెట్టింది నేను" అన్నాను.

సూపర్‌వైజర్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వా? మరి గాయన నేనే అంటుండు?"

"ఆయన చెట్లు కోస్తడు సార్. పుట్టినకాంచి ఒక్క పన్నుకు ఆకురాయి పెట్టలే. పదును నాది. ఇయ్యాల తప్పు గూడ నాదే. పచ్చికట్టె గొలుసు ఎండుకట్టెకు పంపిన. మొదటి కోత కొయ్యాలె, కొయ్యలే. నోటితోని చెప్పాలె, చెప్పలే."

"ఆడమనిషితోని మిషన్ పని చేపిస్తరా? బంద్ చెయ్యుండ్రి. సామాన్ తీసుకొని పోండ్రి."

"పొమ్మంటే పోతం సార్. పోయే ముందు ఒక్క కోత సూడుండ్రి" అన్నాను. ఆయన ఒప్పుకునేదాకా ఆగలేదు. మొద్దు గాటులో రంపం బిగించి పచ్చి గొలుసు విప్పాను, ఎండు గొలుసు ఎక్కించాను. వేలితో లాగి వదిలితే పట్టీకి టప్పున అతుక్కుంది. పళ్లన్నిటికీ మూడు తోపులు, ఎడమ వైపు నాలుగు. కింద పడ్డ ఎండు వేప కొమ్మ మీద కాలు పెట్టి రంపం స్టార్టు చేశాను. గొలుసు పీకలేదు, ఎగరలేదు. కొమ్మ నుంచి చపాతీ మందాన ఒక బిళ్ల రాలింది. సూపర్‌వైజర్ దాన్ని వంగి తీసుకుని రెండు వైపులా వేలితో రాశాడు. కింద పొట్టు చూడమని నేనే చూపించాను. అన్నీ పెచ్చులే, పిండి లేదు.

సూపర్‌వైజర్ ఆ బిళ్లను చేతిలోనే పెట్టుకుని, "రేపు పొద్దుగాల రండ్రి. తాడు కొత్తది తేవాలె" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికే సామాను సర్దుకున్నాం. ట్రాలీ ఆటో వెనక ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో రంపాలు. భయ్యా ముందు డ్రైవర్ పక్కన కూర్చుని, దారి పొడుగునా ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి దండాలు పెడుతూనే ఉన్నాడు. మా ఆయన తెగిన తాడును వేళ్లతో విప్పుతూ కూర్చున్నాడు.

"తెల్లాపూర్‌ల ఎందుకన్నవ్ గట్ల?" అని అడిగాను. ఆ అరుపు తప్పిస్తే నాలుగు రోజుల్లో ఆయనతో అదే నా మొదటి మాట.

"సిగ్గేసింది. ఆడమనిషి పదును పెడ్తదంటే నవ్వుతరేమో అనుకున్న."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల సిగ్గు యాదికి రాలే. నువ్వే యాదికొచ్చినవ్" అన్నాడు.

నేను ఏడ్చాను. ఆటో చప్పుడులో ఎవరికీ వినబడలేదు, ఆయనకు తప్ప.

మర్నాడు పొద్దున కొత్త తాడుతో ఆ వేప ఎక్కాడు. నేను మొదటి కోత కోసి, తల ఎత్తి గట్టిగా చెప్పాను. "ఎండు గొలుసు. రెండు దిక్కులు సమానం. కొన ఆననియ్యకు." క్యాంటీన్ ముందు సూపర్‌వైజర్ టీ గ్లాసుతో నిలబడి వింటున్నాడు. పైనుంచి "ఆఁ" అని ఫ్యాక్టరీ మొత్తానికి వినబడేలా వచ్చింది. పొద్దు వాలేలోపు క్యాంటీన్ రేకు ఒక్కటి కూడా వంగకుండా చెట్టు నేలకు దిగింది. ఇప్పుడు ఎవరైనా బ్లేడు సంగతి అడిగితే ఆయన నా వైపు వేలు చూపిస్తాడు. కొన్నిసార్లు అడగకపోయినా చూపిస్తాడు. అది ఇంకో తలనొప్పి.

ఆ తెగిన తాడు నా సామాను పెట్టెలోనే ఉంది. దాంతో ఏ పనీ లేదు, పారేయనూ లేదు. ఇద్దరం పోట్లాడుకోవడం మానలేదు, మానే రకాలం కాదు. మొన్న ఒక పెళ్లికి పోయే విషయంలో మాట మాట పెరిగి రెండు రోజులు మౌనం నడిచింది. రెండో రోజు సంగారెడ్డి దారిలో ఎండిన చింతచెట్టు పని. ఆయన పైకెక్కి కుదురుకున్నాడు. నేను మొదటి కోత కోశాను. మొహం చిట్లించుకునే, "ఎండు గొలుసు, కుడి దిక్కు జెర గుంజుతది, సూసుకో" అన్నాను. ఆయన కూడా మొహం చిట్లించుకునే, "ఆఁ" అన్నాడు. తాడు వదిలాను. తర్వాత సాయంత్రం దాకా మళ్లీ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.